సిటీకి అప్ అండ్ డౌన్ చేసే ఊళ్లో మొదటి ఇల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

సిటీలో కొనే స్తోమత లేక, ఉన్న అద్దింట్లో పిల్లలతో ఇరుకై, గంట దూరంలో ఏదో ఒక ఊళ్లో సొంతిల్లు చూసుకుందామని బయల్దేరేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. దేశాన్ని బట్టి రూల్స్ మారతాయి కానీ తలనొప్పులు దాదాపు అవే. ముందే చెప్పేస్తున్నా, ఈ జవాబుల్లో నాకో పక్షపాతం ఉంది. పొద్దున్నే వెళ్లిపోయి చీకటిపడ్డాక తిరిగొచ్చే మనిషికి ఆ ఊరితో ఉన్న సంబంధం నిద్రకీ సెలవు రోజులకీ సరిపోతుంది, మిగతా ఊరంతా పగలు అక్కడే ఉండేవాళ్లది. అందుకని ఊరిని ఎంచుకోవాల్సింది వాళ్ల కోసం. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు.

ముందు ఇల్లు చూడాలా, ఊరు చూడాలా?

ఊరు. ఇంట్లో నచ్చనివాటిలో చాలావరకు డబ్బు చేతిలో పడ్డప్పుడు మార్చుకోవచ్చు, వంటగది గోడ కొట్టించొచ్చు, బాత్రూమ్ కొత్తగా కట్టించుకోవచ్చు. స్టేషన్ని మీ వీధి చివరికి తెచ్చుకోలేరు, మంచి స్కూలును పక్క ఊరి నుంచి లాక్కురాలేరు. అయినా అందరూ ముందు ఇళ్ల ఫొటోలే చూస్తారు, ఎందుకంటే ఫొటో తీయడానికి వీలయ్యేది ఇల్లే.

ఆఫీసుకు ఎంత టైమ్ పడితే ఫర్వాలేదు?

ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెసారే మార్కెట్టి 1994లో ఒక మాట చెప్పాడు, అంతకు ముందు రవాణా పరిశోధకుడు యాకోవ్ జహావి చేసిన పరిశీలనల ఆధారంగా. మనుషులు నడిచినా, గుర్రమెక్కినా, కారెక్కినా, రోజు మొత్తం మీద ప్రయాణానికి సగటున ఇచ్చే సమయం గంట దగ్గరే ఆగుతుందట. వేగం పెరిగితే ఆదా అయిన సమయంతో ఇంట్లో కూర్చోము, ఇంకా దూరం వెళ్లి ఇల్లు కడతాం. గమనించాల్సింది ఏంటంటే, ఆ గంట రానుపోను కలిపి. మన శివారు ఊళ్ల లెక్కలో పోయేదానికే గంట.

దూరం ఎక్కువైనా ఇల్లు బాగుంటుంది, ఖర్చు కలిసొస్తుంది, అక్కడికక్కడికి సరిపోతుంది అనుకుంటాం. స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై సరిగ్గా ఈ సంగతే జర్మనీ కుటుంబాల సర్వే వివరాలతో పరీక్షించి 2008లో ప్రచురించారు, అలా సరిపోవడం లేదని తేలింది. ప్రయాణం పెరిగేకొద్దీ జీవితంతో తృప్తి తగ్గింది. టెక్సస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది ఆడవాళ్ల చేత, నిన్న ఏ పని చేస్తున్నప్పుడు మనసెలా ఉందో రాయించి, మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం 2004లో వెలువరించిన అధ్యయనంలోనూ పొద్దున ఆఫీసు ప్రయాణమే అట్టడుగున నిలిచింది. ఇంటి పని కూడా దానికంటే పైనే ఉంది.

ఇక నా మాట అడిగితే, చిన్నపిల్లలున్న ఇంట్లో కనీసం ఒకరికి ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా గంటకు మించకూడదు. అది కూడా అన్నీ కలిసొచ్చిన రోజున పట్టే గంట కాదు, మామూలుగా విసిగించే రోజున పట్టే గంట.

ప్రకటనలో "సిటీకి 35 నిమిషాలే" అని ఉంది. నమ్మొచ్చా?

నమ్మొచ్చు, అది రైలు చక్రాలు తిరిగే సమయం మాత్రమే. ఇంటి నుంచి స్టేషన్‌కు 12 నిమిషాలు, బండి పెట్టడానికి చోటు వెతుక్కోవడానికి 5, ప్లాట్‌ఫామ్ మీద 8, రైల్లో ఆ చెప్పిన 35, దిగాక నడక 10, గేటు దగ్గర కార్డు గీకి లిఫ్ట్ కోసం నిలబడడానికి ఇంకో 5. మొత్తం 75. రానుపోను రెండున్నర గంటలు. ఏడాదికి 220 పనిరోజులు వేసుకుంటే 550 గంటలవుతుంది, అంటే రోజుకు 16 గంటలు మెలకువగా ఉంటామనుకున్నా దాదాపు 34 రోజులు. ఏడాదిలో నెల పైచిలుకు ప్రయాణానికే పోతోందన్నమాట, ప్రకటనలో ఉన్నది మాత్రం 35 నిమిషాలు.

రైలు సౌకర్యం ఉంది కదా, ఇంకేం చూడాలి?

చాలా ఉంది. మొదటిది, ఎంతసేపటికో రైలు. పది నిమిషాలకొకటి ఉంటే టైమ్‌టేబుల్ చూడక్కర్లేదు, వెళ్లి నిలబడితే చాలు. గంటకొకటి ఉంటే ఒక్క నిమిషం ఆలస్యం మీకు గంట ఖరీదు, ఇక మీ మీటింగులు, పిల్లల స్నానాలు, వంట అన్నీ ఆ రైలు చెప్పినట్టు నడుస్తాయి. అదీ పొద్దున ఎనిమిదింటి సంగతి చూసి ఊరుకోకండి. రాత్రి తొమ్మిది తర్వాత, మధ్యాహ్నం రెండింటికి, ఆదివారం ఎలా ఉందో చూడండి. ఆఖరి రైలు ఎన్నింటికో తెలుసుకోండి, ఎందుకంటే ఆ టైమ్ తర్వాత మీకు స్నేహితులు ఉండరు.

రెండోది, రైలు ఆ స్టేషన్లోనే బయల్దేరుతుందా, ఎక్కడి నుంచో నిండి వస్తుందా. ఈ ఒక్క తేడా రెండు ఊళ్ల తలరాత మారుస్తుంది. బయల్దేరే చోట సీటు దొరుకుతుంది, కూర్చుంటే ఆ నలభై నిమిషాలు చదువుకుంటారో, కునుకు తీస్తారో మీ ఇష్టం. సిటీకి ఇంకో రెండు స్టేషన్లు దగ్గరగా ఉన్న ఊళ్లో పది నిమిషాలు ఆదా అవుతాయి కానీ రోజూ నిలబడి, ఎవరి బ్యాగో మొహానికి తగులుతుండగా వెళ్లాలి. నేనైతే పది నిమిషాలు వదులుకుని సీటే కోరుకుంటా.

మూడోది, మారాల్సిన బండ్లు. ఒక్కో బండి పదిసార్లలో తొమ్మిదిసార్లు టైమ్‌కి వస్తుందనుకుందాం, వినడానికి బాగానే ఉంది. బస్సు, రైలు, మెట్రో అని మూడు మారితే మూడూ సమయానికి రావడం 73 శాతమే, అంటే వారంలో ఒక రోజుకు పైగా ఎక్కడో ఒక చోట తప్పుతుంది. ఒకే బండిలో 55 నిమిషాలు, మూడు బండ్లలో 45 నిమిషాలు అయితే మొదటిదే తీసుకోండి.

లైను ఆగిపోయిన రోజున ఇంకో దారి ఉందా అనేది కూడా అడగాలి. ఉన్నది ఒక్కటే లైను, ఒక్కటే రోడ్డు అయితే ఏదో ఒక రోజు తలప్రాణం తోకకొస్తుంది.

నేను కారులోనే వెళ్తా. నాకు రైలుతో పనేంటి?

మీకు లేకపోయినా ఇంకో పదేళ్లకు కాలేజీకి వెళ్లే మీ పిల్లలకు ఉంటుంది, మీ ఇల్లు కొనబోయేవాళ్లకు ఉంటుంది. సరే, కారే అనుకుందాం.

ఎవరూ చెప్పని చిన్న సంగతి ఒకటుంది. ఆఫీసుకు పడమర వైపు ఇల్లుంటే పొద్దున తూర్పుకు వెళ్తారు, ఎండ కళ్లలో కొడుతుంది, సాయంత్రం పడమరకు తిరిగొస్తారు, మళ్లీ కళ్లలోనే. తూర్పు వైపు ఇల్లుంటే రెండుపూటలా సూర్యుడు వీపు వెనకే ఉంటాడు. దీనికోసమే ఊరు ఎంచుకోమని కాదు, మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు ఇది చూసుకోండి.

రోడ్డు వెడల్పు చేస్తారులే, ట్రాఫిక్ తగ్గుతుందిలే అన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల హైవేల లెక్కలు తీసి 2011లో చూపించింది ఇదే, రోడ్లు ఎంత పెరిగితే బండ్ల తిరుగుడూ దాదాపు అంతే పెరిగింది. కొత్త రోడ్డు ఖాళీగా ఉండే కొన్నాళ్లలోనే దాని పక్కన కొత్త కాలనీలు లేస్తాయి, అందులో మీదీ ఒకటి.

ఇంకోటి, కారు మీద ఆధారపడ్డ ఊళ్లో ఒక కారు సరిపోదు. ఇంట్లో మిగిలినవాళ్లకు రెండోది కావాలి. దాని వాయిదా, ఇన్సూరెన్స్, ఇంధనం, రిపేర్లు అన్నీ కలిపి ఇంటి ధరలో మిగిలిందనుకున్న డబ్బు పక్కన పెట్టి చూడండి, చాలాసార్లు తడిసి మోపెడవుతుంది.

అటువైపు కొత్త లైను వస్తోందట. ఇప్పుడే కొంటే చవకగా వస్తుంది కదా?

"వస్తోంది" అనే మాట ఎంత దూరం సాగుతుందో చూడండి. లండన్ చుట్టుపక్కల ఊళ్లను సిటీతో కలిపే ఎలిజబెత్ లైను 2018 డిసెంబరులో తెరుస్తామన్నారు, తెరిచింది 2022 మేలో. అప్పటికే సొరంగాలు తవ్వేసిన ప్రాజెక్టు పరిస్థితి అది. న్యూయార్క్‌లో సెకండ్ అవెన్యూ సబ్‌వే అనే భూగర్భ రైలు మార్గం ఆలోచన దాదాపు వందేళ్ల కిందటిది, అందులో మొదటి ముక్క మాత్రమే 2017 జనవరి 1న మొదలైంది. మూడేళ్ల పిల్లాడితో ఇల్లు కొని, వాడి స్కూలు అయిపోయేదాకా లైను కోసం ఎదురుచూడడం సరదాగా ఉండదు.

ఈరోజు నడుస్తున్నవాటిని మాత్రమే లెక్కలోకి తీసుకోండి. రేపు లైను వస్తే సంతోషం, రాకపోయినా బతకగలిగేలా ఉండాలి. చవక అన్నదాంట్లోనూ మెలిక ఉంది. లైను వస్తుందన్న వార్త మీకు తెలిసిందంటే అమ్మేవాడికి ఎప్పుడో తెలుసు, ఆ ఆశను ధరలో కలిపే చెబుతాడు.

నాకు వారానికి రెండు రోజులే ఆఫీసు. దూరమైనా ఫర్వాలేదు కదా?

ఇప్పటికి ఫర్వాలేదు. కానీ లోన్ పాతికేళ్లు, మీ మేనేజరు మహా అయితే మూడేళ్లు. 2020 తర్వాత ఇక ఎప్పటికీ ఇంటి నుంచే పని అని నమ్మి దూరం వెళ్లినవాళ్లను చాలా కంపెనీలు మళ్లీ వెనక్కి పిలిచాయి. వారానికి ఐదు రోజులూ వెళ్లాల్సి వస్తే ఆర్నెల్లు తట్టుకోగలరా అని వేసుకోండి. తట్టుకోగలిగితే ఆ ఊరు పనికొస్తుంది. ఇంటి నుంచి పనంటే ఇంట్లో తలుపు మూసుకునే గది, నమ్మకమైన ఇంటర్నెట్ కూడా కావాలి. ఇంటర్నెట్ సంగతి కంపెనీ వెబ్‌సైట్‌లో కాదు, పక్కింటివాళ్లనడగండి.

ఇద్దరం ఉద్యోగస్తులమే, ఆఫీసులు చెరో దిక్కున. ఎవరికి దగ్గరగా ఉండాలి?

మ్యాప్ మీద మధ్యలో చుక్క పెట్టడం న్యాయంగా కనిపిస్తుంది. కానీ అలా చేస్తే ఇద్దరూ దూరంలోనే ఉంటారు, స్కూలుకు ఎవరూ దగ్గర్లో ఉండరు.

ఇలా ఆలోచించండి. మంగళవారం మధ్యాహ్నం రెండింటికి స్కూలు నుంచి ఫోన్. బిడ్డకు జ్వరం, తీసుకెళ్లండి అంటారు. ఆ ఫోన్ ఎవరికి వస్తుంది? ఆ మనిషి మీటింగులో నుంచి లేచి, బ్యాగు సర్దుకుని, గంటకొకసారి వచ్చే రైలు ఇప్పుడే వెళ్లిపోయిందని తెలిసి, క్యాబ్ బుక్ చేసి, అది క్యాన్సిలై, ఇంకోటి బుక్ చేసి, నాలుగింటికి స్కూలు ఆఫీసు గది చేరేసరికి పిల్ల బెంచీ మీద బ్యాగు తలకింద పెట్టుకుని నిద్రపోయి ఉంటుంది. ఇది ఏడాదికి ఎన్నిసార్లొస్తుందో పిల్లలున్న ఎవరినైనా అడగండి. ఆ ఫోన్ ఎత్తేది ఎవరో వాళ్ల ఆఫీసుకు దగ్గరగా ఉండే ఊరు చూసుకోండి. లేదా ఆ బాధ్యత ఇద్దరూ నిజంగా పంచుకుంటామంటే, కొనేముందే ఏ రోజు ఎవరో కాగితం మీద రాసుకోండి. "చూసుకుందాంలే" అన్న ఇళ్లలో చూసుకునేది సాధారణంగా ఒక్కరే, ఎక్కువగా అమ్మే.

స్కూళ్లను ఎలా అంచనా వేయాలి?

ర్యాంకులు, మార్కులు చూడండి, తప్పులేదు. కానీ మార్కులు స్కూలు గొప్పతనాన్ని ఎంత చెబుతాయో, అందులో చేరే పిల్లల ఇళ్ల ఆర్థిక స్థితిని కూడా అంతే చెబుతాయి. ఒకసారి స్కూలు వదిలే టైమ్‌కి గేటు బయట నిలబడండి. పిల్లలు బయటికొస్తూ మాట్లాడుకుంటున్నారా, టీచర్లు పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తున్నారా, ఎంతమంది నడిచి వెళ్తున్నారు, ఎంతమంది బస్సెక్కి గంటసేపు తిరిగి ఇల్లు చేరతారు, అన్నీ అక్కడే తెలుస్తాయి. టీచర్లు ఎంత తరచుగా మారుతున్నారో తల్లిదండ్రుల్ని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబు మిగతా పది ప్రశ్నలకు సమానం.

ఎక్కువమంది చిన్న తరగతుల స్కూలు చూసి మురిసిపోయి సంతకం పెట్టేస్తారు. మూడేళ్ల పిల్ల ఇంకో పన్నెండేళ్లకు పదిహేనేళ్లదవుతుంది, అప్పటికి మీ లోన్ సగం కూడా తీరి ఉండకపోవచ్చు. పెద్ద తరగతులకు ఎక్కడికి పంపుతారు? స్నేహితురాలి ఇంటికి, లైబ్రరీకి, ఆటకు తనంతట తానే వెళ్లగలదా? బస్సు లేని ఊళ్లో టీనేజ్ పిల్లలున్న తల్లిదండ్రులు సాయంత్రాల్లో డ్రైవర్లే.

మీ ప్రాంతంలో ఇంటి చిరునామా బట్టి స్కూలు సీటు ఇచ్చే పద్ధతి ఉంటే, హద్దు గీత ఆ వీధికి ఏ పక్కనుందో స్కూలునే అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి, ఏజెంటు నోటిమాట మీద ఆధారపడొద్దు. ఆ హద్దులు మారతాయి కూడా.

పిల్లలు ఎంత వయసులో ఉన్నప్పుడు మారితే మంచిది?

చిన్నగా ఉన్నప్పుడే. అమెరికాలో పేద కాలనీల నుంచి కుటుంబాలను పేదరికం తక్కువున్న చోట్లకు మార్చిన ఒక ప్రభుత్వ ప్రయోగం ఉంది. ఆర్థికవేత్తలు రాజ్ చెట్టి, నథానియల్ హెండ్రెన్, లారెన్స్ కాట్జ్ 2016లో దాని ఫలితాలు చూపించారు. 13 ఏళ్ల లోపు మారిన పిల్లలు పెద్దయ్యాక బాగా ఎక్కువ సంపాదించారు, టీనేజ్‌లో మారినవాళ్లలో ఆ లాభం కనపడలేదు. మీ పరిస్థితి వేరే కావచ్చు, కానీ స్నేహాలు బలపడ్డాక పిల్లల్ని పీకి ఇంకో చోట నాటడం ఎంత కష్టమో చూస్తూనే ఉంటాం కదా. అలాగని ఎల్‌కేజీ సీటు కోసం హడావిడిగా నచ్చని ఇల్లు కొనేయడమూ అనవసరం, ఒకటి రెండేళ్లు అటూఇటూ అయితే కొంపలేం మునగవు.

ఒకసారి వెళ్లి చూస్తే సరిపోతుందా?

ఆదివారం పదకొండింటికి, ఏజెంటు కారులో, ఏసీ వేసుకుని వెళ్తే ఏ ఊరైనా బాగుంటుంది. ఆ టైమ్‌లో అరచేతిలో వైకుంఠం చూపించడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

మీరొక్కరే, పనిరోజున వెళ్లండి. పొద్దున ఏడున్నరకు ఆ ఇంటి గుమ్మం నుంచి నిజంగా ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం నిజంగా తిరిగి రండి. సాయంత్రం రైలు దిగినవాళ్ల వెనకే నడవండి. నడిచి ఇళ్లకు వెళ్తున్నారా, లేక అందరూ కార్లెక్కి ఐదు నిమిషాల్లో మాయమైపోతున్నారా? స్టేషన్ నుంచి మీరు చూసిన వీధిదాకా దీపాలు వెలుగుతున్నాయా, ఫుట్‌పాత్ మధ్యలో ఎక్కడైనా ఆగిపోయి మిమ్మల్ని రోడ్డు మీదకు దింపుతోందా? ఎనిమిదింటికి మందుల షాపు తెరిచి ఉందా?

పార్కుకు వెళ్తే బోర్డు మీద పెద్దలెవరి పేర్లున్నాయో చూడకండి, ఉయ్యాల కింద చూడండి. పిల్లలు రోజూ ఊగే ఉయ్యాల కింద కాళ్లు రాసుకుని నేల గుంట పడి ఉంటుంది, గొలుసు చేతులు పట్టుకునే చోట మెరుస్తుంటుంది. గడ్డి మోకాలిదాకా పెరిగి, గొలుసు తుప్పు పట్టి ఉందంటే ఆ పార్కు బ్రోచర్లో బొమ్మ కోసం కట్టింది. ఆ వయసు పిల్లలు ఊళ్లో లేరనైనా అనుకోవాలి, ఉన్నా బయటికి రావడం లేదనైనా అనుకోవాలి.

ఇంకోసారి గట్టిగా వాన పడుతున్నప్పుడు వెళ్లండి. ఇంకోసారి రాత్రి పదకొండింటికి.

వరద భయం గురించి ఎలా తెలుసుకోవాలి?

"వందేళ్లకొకసారి వచ్చే వరద" అనే మాట వినగానే మన జీవితంలో రాదులే అనుకుంటాం. దాని అసలు అర్థం ఏ సంవత్సరమైనా వచ్చే అవకాశం 1 శాతం అని. మీ లోన్ 30 ఏళ్లదైతే, ఆ కాలంలో కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం 26 శాతం. నాలుగింట ఒక వంతుకు పైనే. ప్రభుత్వ వరద మ్యాపులు ఉంటే చూడండి. లేకపోతే వీధిలో పాతకాపుల్ని, కిరాణా షాపు నడిపేవాళ్లను అడగండి, నీళ్లు ఎంతదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఇల్లంతా పాత రంగు ఉండి, కింద మూడడుగులు మాత్రమే కొత్త రంగు కనిపిస్తే ఎందుకో అడగండి.

నీటి కొరత ఉండే చోటైతే దీనికి తిరగేసి, ఎండలు మండిపోయే నెలల్లో నీళ్లెలా వస్తాయో అడగాలి. వరద, కొరత రెండూ ఉన్న ఊళ్లు కూడా బోలెడు.

రైలు పట్టాల పక్కన చవకగా వస్తోంది. శబ్దానికి అలవాటు పడతామంటారా?

చెవి అలవాటు పడుతుంది, నిద్ర అంత తేలిగ్గా పడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం రాత్రిపూట ఇంటి బయట సగటు శబ్దం రోడ్ల వల్ల 45, రైళ్ల వల్ల 44 డెసిబెల్స్ దాటకూడదు. ఫోన్లో శబ్దం కొలిచే యాప్ అంత కచ్చితం కాదు కానీ, రాత్రి పడకగది కిటికీ తీసి ఫోన్ బయటికి పట్టి చూస్తే ఒక అందాజా వస్తుంది. గూడ్సు బండ్లు రాత్రుళ్లే నడుస్తాయా అని కూడా అడగండి.

దూరంగా పెద్ద ఇల్లా, దగ్గరగా చిన్న ఇల్లా?

పిల్లలు చిన్నగా ఉన్నంతకాలం దగ్గరగా చిన్న ఇల్లు. పెద్ద ఇల్లుకు కొన్ని నెలల్లో అలవాటు పడిపోతాం, నాలుగో గది ఉన్న ఆనందం త్వరగా పాతబడుతుంది. ప్రయాణం అలా పాతబడదు, ఈరోజు రైలు లేటు, రేపు వాన, ఎల్లుండి జనం, రోజూ కొత్తగానే విసిగిస్తుంది. అమ్మానాన్నలు కూడా వచ్చి ఉంటే, లేదా ఇంట్లోనే ఇద్దరు పని చేస్తుంటే మాత్రం ఈ లెక్క మారుతుంది, గదులు నిజంగా కావాలి.

బ్యాంకు ఇంత లోన్ ఇస్తానంది. అంతా తీసుకోవచ్చా?

వద్దు. బ్యాంకు లెక్క వేసేది మీరు వాయిదా ఎగ్గొట్టకుండా కట్టగలరా అని, హాయిగా బతకగలరా అని కాదు. అది మీరు వేసుకోవాల్సిన లెక్క.

30 ఏళ్ల లోన్ 6 శాతం వడ్డీకి తీసుకుంటే మొదటి నెల కట్టే వాయిదాలో దాదాపు 83 శాతం వడ్డీకే పోతుంది, చివరికి అసలుకు రెట్టింపు కంటే ఎక్కువ కడతారు. వడ్డీ మారుతూ ఉండే లోన్ అయితే ఇంకో సంగతి. 25 ఏళ్ల లోన్ మొదట్లోనే 7 నుంచి 9 శాతానికి పోతే నెల వాయిదా దాదాపు 19 శాతం పెరుగుతుంది. "రెండు శాతమే కదా" అనిపిస్తుంది, కానీ వాయిదా పెరిగేది రెండు శాతం కాదు. కొన్నిచోట్ల వాయిదా పెంచకుండా గడువు పొడిగిస్తారు. అప్పుడు నొప్పి తెలియదు, ఏళ్లు పెరుగుతాయి.

ఒక పరీక్ష చెప్తాను. కొనబోయే ఇంటి వాయిదాలోంచి ఇప్పటి అద్దె తీసేయగా మిగిలినదాన్ని, దాంతోపాటు ప్రయాణం, పన్ను, మెయింటెనెన్స్ ఖర్చులనూ కలిపి ఇప్పటి నుంచే ప్రతి నెలా పక్కన పెట్టండి. ఆర్నెల్లు ఊపిరాడితే ముందుకెళ్లండి. ఆ డబ్బూ ఎక్కడికీ పోదు, డౌన్ పేమెంట్‌కో రిజిస్ట్రేషన్‌కో పనికొస్తుంది. ఇంట్లో ఇంకో బిడ్డ గురించి ఆలోచన ఉంటే, ఒకే జీతం మీద కొన్నాళ్లు ఈ వాయిదా నడుస్తుందా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి.

బ్యాంకు లోన్ ఇచ్చిందంటే కాగితాలన్నీ సరిగ్గా ఉన్నట్టేనా?

కాదు. బ్యాంకు తన అప్పు భద్రత కోసం చూసుకుంటుంది. యాజమాన్య హక్కు, పాత అప్పులు, కట్టడానికి అనుమతులు, ఇంటికి వెళ్లే దారి మీ హక్కులో ఉందా లేదా, ఇవన్నీ మీరు డబ్బిచ్చి పెట్టుకున్న లాయరు చూడాలి. అమ్మేవాళ్లు పరిచయం చేసిన లాయరు కాదు. పాత ఇల్లయితే కప్పు, పునాది, వైరింగ్, డ్రైనేజీ చూడడానికి ఒక ఇంజినీరునూ పెట్టుకోండి. ఆ ఫీజు చూసి ఉసూరుమనిపిస్తుంది, కప్పు మార్చే ఖర్చు ముందు అదెంత.

ఇంకా కట్టని ప్రాజెక్టులో కొనొచ్చా?

మొదటి ఇల్లయితే నేను వద్దనే అంటాను. ఆలస్యమైతే అద్దె, వాయిదా రెండూ కట్టాలి, మొదటిసారి కొనేవాళ్లకు ఆ రెండు పోట్లు తట్టుకునే దన్ను తక్కువ. తప్పదనుకుంటే ఆ బిల్డర్ ఇంతకుముందు కట్టినవాటిలో కాపురం ఉంటున్నవాళ్లను కలిసి, చెప్పిన తేదీకి ఎంత అటూఇటూగా ఇచ్చారో, ఇచ్చాక లీకేజీ వస్తే ఫోన్ ఎత్తారో లేదో అడగండి.

పెద్దవాళ్లు మాతోనే ఉంటారు. వాళ్ల కోసం ఏం చూడాలి?

నడిచి వెళ్లగలిగే దూరంలో ఏమున్నాయో చూడండి. కూరగాయలు, మందులు, డాక్టరు, గుడో చర్చో మసీదో, కూర్చోవడానికి ఒక బెంచీ, మాట్లాడడానికి నలుగురు. మీరిద్దరూ పొద్దున వెళ్లిపోయాక ఇంట్లో మిగిలేది వాళ్లే. కారు నడపని మనిషికి, కారు లేకపోతే ఏమీ దొరకని ఊరు ఎంత పెద్ద బంగళా అయినా బందిఖానాయే. రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందో ఒకసారి రాత్రే వెళ్లి చూసుకోండి.

ముందు అద్దెకు ఉండి చూడడం డబ్బు దండగ కాదా?

ఊరు బొత్తిగా తెలియనప్పుడు కాదు. ఒక ఏడాది అద్దె పోతుంది నిజమే, సామాన్లు రెండుసార్లు మోయాలి అదీ నిజమే. కానీ కొని, నచ్చక, అమ్మి, ఇంకోటి కొనడానికి అయ్యే పన్నులు, కమీషన్లు, ఫీజులతో పోల్చండి. ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో, ఏ ఇళ్లు అమ్మకానికి రాబోతున్నాయో అక్కడ ఉంటేనే చెవిన పడతాయి.

నచ్చకపోతే అమ్మేసుకోవచ్చు కదా?

అమ్ముకోవచ్చు, మీరనుకున్నప్పుడు, మీరనుకున్న ధరకు అమ్ముడుపోతుందన్న హామీ మాత్రం లేదు. మొదటి ఏళ్లలో కట్టిన వాయిదాల్లో అసలు పెద్దగా తీరి ఉండదు కాబట్టి తొందరగా అమ్మితే చేతికొచ్చేది తక్కువ. కనీసం ఐదారేళ్లు ఉండే ఉద్దేశం లేకపోతే కొనకపోవడమే మేలు.

అక్కడ మాకెవరూ తెలియదు. ఎలా కలిసిపోవాలి?

ఈ ప్రశ్న అందరూ ఆఖర్న అడుగుతారు, నిజానికి మొదట అడగాల్సింది. రోజుకు రెండున్నర గంటలు ప్రయాణానికి పోతే పక్కింటివాళ్లతో మాట్లాడే ఓపిక ఉండదు, సెలవు రోజు వస్తే పాత స్నేహితుల కోసం మళ్లీ సిటీకే వెళ్తారు, ఇలా మూడేళ్లు గడిచినా ఊళ్లో ఒక్కరి ఫోన్ నంబరు ఉండదు. మీ పిల్లల వయసు పిల్లలు ఎక్కువగా ఉన్న వీధి ఎంచుకుంటే సగం పని వాళ్లే చేసిపెడతారు. అత్యవసరానికి తాళంచెవి ఇచ్చి వెళ్లగలిగే ఒక్క ఇల్లు మొదటి ఏడాదిలో సంపాదించుకోండి, చాలు.

రెండు ఊళ్ల దగ్గర ఆగిపోయాం, తేల్చుకోలేకపోతున్నాం. ఏం చేయాలి?

ప్లస్సులు, మైనస్సుల పట్టిక వద్దు, అందులో మనసు ఎటుంటే అటే మార్కులు వేసేస్తాం. ఒక్కో ఊరికి ఒక కాగితం తీసుకుని, ఒక మామూలు మంగళవారాన్ని పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పది దాకా, ఇంట్లో ప్రతి ఒక్కరికీ విడివిడిగా రాయండి. ఎవరు ఎన్నింటికి లేస్తారు, బాక్సులు ఎవరు కడతారు, స్కూలు మూడున్నరకు వదిలితే ఆరున్నర దాకా పిల్ల ఎక్కడుంటుంది, ఎవరితో ఉంటుంది, అమ్మమ్మ బీపీ మాత్రలు అయిపోతే ఎవరు తెస్తారు, మీరు ఇల్లు చేరేసరికి పిల్లలు మేలుకుని ఉంటారా. ఏదో ఒక కాగితంలో "ఆ టైమ్‌లో ఎవరో ఒకరు చూసుకోవాలి" అని రాయాల్సి వస్తుంది. అలాంటి గళ్లు ఎక్కువున్న ఊరిని పక్కన పెట్టండి. రెండూ సమానంగా వస్తే, ఆ ఇద్దరు అమ్మేవాళ్లలో ఎవరు ధర తగ్గిస్తారో కనుక్కోండి.